వైరు ఒకటే, పేర్లే వేరు

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో కరెంటు సామాను కొనడానికి తెలుగు నేల నలుమూలల నుంచీ మనుషులు వస్తారు. వాళ్లతో పాటు వాళ్ల ఊరి మాటలూ వస్తాయి. వాటిలో కొన్ని వింటే ముచ్చటేస్తుంది. కొన్ని ప్రాణాల మీదికి తెస్తాయి.

పొద్దున పదకొండు దాటితే కోఠి నుంచి ఆబిడ్స్ వైపు వెళ్లే దారిలో నడవడానికి సందుండదు. ట్రూప్ బజార్ షట్టర్లు లేచాయంటే తోపుడు బండ్ల మీద వైరు చుట్టలు, ఆటోల్లో పైపు కట్టలు, భుజాల మీద ఫ్యాను డబ్బాలు వరస కడతాయి. ఇక్కడ ఏ కొట్టు కౌంటర్ పక్కన అరగంట నిలబడ్డా నాలుగు రకాల భాష చెవిన పడుతుంది.

“అన్నా, పది యాంప్స్ ఫీజు వైరియ్యి” అంటాడు పల్లె నుంచి వచ్చిన రైతు. “త్రీ బై ట్వంటీ రెండు చుట్టలు, వన్ బై ఎయిటీన్ నాలుగు” అని చీటీ చూడకుండానే చెబుతాడు నెరిసిన జుట్టు మేస్త్రీ. పక్కనే ఫోను చూసుకుంటున్న కుర్ర ఎలక్ట్రీషియన్ “టూ పాయింట్ ఫైవ్ ఎస్‌క్యూ ఎంఎం” అంటాడు. అపార్ట్‌మెంట్ సైటు నుంచి వచ్చిన బిహారీ కుర్రాడు “గరమ్ కా లాల్, ఠండా కా కాలా” అని రెండు వేళ్లు చూపిస్తాడు. గరమ్ అంటే ఫేజు, ఠండా అంటే న్యూట్రల్. కొట్లో పనిచేసే కుర్రాడు ఎవరినీ మారు ప్రశ్న వేయడు. నిచ్చెనెక్కి నాలుగు సరుకులూ దింపి కౌంటర్ మీద పెడతాడు. మేస్త్రీ అడిగిన త్రీ బై ట్వంటీకీ, కుర్ర ఎలక్ట్రీషియన్ అడిగిన రెండున్నరకీ ఒకే ర్యాకులోంచి చుట్టలు వస్తాయి.

మాటలు ఇలా కలిసిపోవడానికి ఈ చోటే కారణం. పక్కనే బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. కోఠి అన్న పేరు ఆ భవంతిదే. 1949 నుంచి అందులో మహిళా కళాశాల నడిచింది. అటు సుల్తాన్ బజార్, ఇటు బ్యాంక్ స్ట్రీట్, నాలుగడుగులు వేస్తే ఎలక్ట్రానిక్స్ సామాన్ల గుజరాతీ గల్లీ. కౌంటర్ వెనక మార్వాడీ, గుజరాతీ, దక్కనీ ఉర్దూ. కౌంటర్ ముందు తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, సీమ తెలుగు. సరుకుల పేర్లన్నీ ఇంగ్లిషువే అయినా ఒక్కో నోట ఒక్కో తీరుగా నలిగి ఇక్కడికి చేరతాయి.

కట్టెయ్యాలా, బంద్ చెయ్యాలా?

కొట్టు నుంచి ఇంట్లోకి వద్దాం. గదిలోంచి బయటికి వెళ్తున్న పిల్లవాడికి అమ్మ చెప్పే మాటను బట్టి ఆ ఇంటి మూలం చెప్పేయవచ్చు. “లైటు కట్టెయ్యరా” అంటే కోస్తా. “లైటు బంద్ జెయ్యి బిడ్డా” అంటే తెలంగాణ. నూనె దీపాన్ని ఆర్పినట్టు “లైటు ఆర్పెయ్” అనేవాళ్లు అన్ని ప్రాంతాల్లోనూ ఉన్నారు. పెద్దవాళ్ల నోట్లో అది ఇంకా దీపమే. సాయంత్రం ఆరు దాటితే “దీపం పెట్టండే” అంటారు, చెయ్యి వెళ్లేది మాత్రం స్విచ్చి మీదికి.

కరెంటు లేనప్పటి మాటలు ఇంకా పాతవి. కోస్తాలో లాంతరు వెలిగిస్తే తెలంగాణలో కందిలి ముట్టించేవాళ్లు. అక్కడ కిరసనాయిలు, ఇక్కడ గాసునూనె. అక్కడ బుడ్డి దీపం, ఇక్కడ ఎక్కబుడ్డి. చీకట్లో పొలానికి పోయేటప్పుడు కోస్తా రైతు టార్చిలైటు పట్టుకుంటే, తెలంగాణ రైతు చేతిలోది బ్యాటరీ. ఆ బ్యాటరీలో వేసే బ్యాటరీలను సెల్లులు అంటారు.

ఈ తేడాల వెనక చరిత్ర ఉంది. హైదరాబాద్ సంస్థానంలో కచేరీ భాష ఉర్దూ. హుస్సేన్‌సాగర్ ఒడ్డున నిజాం కాలంలో కట్టిన థర్మల్ కేంద్రం నుంచి నగరానికి కరెంటు వచ్చినప్పుడు దాన్ని వేసేవాళ్లు, ఆపేవాళ్లు మాట్లాడింది ఆ భాషే. కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడి కరెంటు మాటలు ఇంగ్లిషు నుంచి నేరుగా వచ్చి తెలుగు క్రియలతో జతకట్టాయి. లైటు వెయ్యి, ఫ్యాను కట్టు, కరెంటు తీశారు.

“కరెంటు పోయింది”, “కరెంటు తీశారు” అన్న రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పోయింది అంటే ఏదో జరిగింది, ఎప్పుడొస్తుందో తెలియదు. తీశారు అంటే సబ్‌స్టేషన్‌లో ఎవరో చేత్తో ఆపారు, టైముకి ఇస్తారు. ఇంజినీర్లు బ్రేక్‌డౌన్, షట్‌డౌన్ అని విడదీసే సంగతిని మన ఇళ్లలో రెండు క్రియలే చెప్పేస్తున్నాయి.

పాత గేజీ, కొత్త మిల్లీమీటరు

మేస్త్రీ నోటి నుంచి వచ్చిన “త్రీ బై ట్వంటీ” సంగతి చూద్దాం. ఇది పాత బ్రిటిష్ గేజీ లెక్క. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు గేజీ. గేజీ అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. ఇరవై గేజీ పోగు వ్యాసం 0.914 మిల్లీమీటర్లు. అలాంటివి మూడు పేనితే మొత్తం రాగి దాదాపు 2 చదరపు మిల్లీమీటర్లు. ఏడు పేనితే, అంటే సెవెన్ బై ట్వంటీ, దాదాపు 4.6. వన్ బై ఎయిటీన్ అంటే పద్ధెనిమిది గేజీ ఒంటి పోగు, 1.2కి కొంచెం తక్కువ.

ఇప్పటి చుట్టల మీద 1, 1.5, 2.5, 4, 6 అని చదరపు మిల్లీమీటర్లలో రాస్తున్నారు. చుట్ట పొడవు సాధారణంగా 90 మీటర్లు. పాత లెక్క కొత్త లెక్కతో సరిగ్గా అతకదు. త్రీ బై ట్వంటీ అడిగిన వాళ్లకు రెండున్నర ఇస్తే నష్టం లేదు, రాగి ఎక్కువే వస్తుంది. సెవెన్ బై ట్వంటీ అడిగినప్పుడు నాలుగు చేతికొస్తే మాత్రం రాగి తగ్గినట్టే. ఇంటి మెయిన్‌కి, ఏసీ లైనుకి ఆ తేడా చిన్నది కాదు. లోడు పెరిగినప్పుడు వేడెక్కేది ఆ వైరే.

ప్లగ్గుల్లోనూ ఇదే కథ. మన ఇళ్లలోని గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు 1934 నాటి బ్రిటిష్ ప్రమాణం నుంచి వచ్చింది. అందులో 5 యాంప్స్‌ది ఒకటి, 15 యాంప్స్‌ది ఒకటి. తర్వాత భారతీయ ప్రమాణం వాటిని 6, 16 చేసింది. సాకెట్టు మీద 6, 16 అని అచ్చేసి ఉన్నా, ట్రూప్ బజార్‌లో ఈ రోజుకీ “ఫైవ్ యాంప్స్ ఇయ్యి, ఫిఫ్టీన్ యాంప్స్ ఇయ్యి” అనే అడుగుతారు. ఇళ్లలో అయితే పెద్దది పవర్ ప్లగ్గు, చిన్నది ఉత్త ప్లగ్గు.

కొన్ని వస్తువులకు పనివాళ్ల నోట వేరే పేర్లున్నాయి. పింగాణీ ఫ్యూజు క్యారియర్‌ని పట్టుకుని లాగితే ఊడి వస్తుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. దాని పేరు కిట్‌కాట్. కోత, పట్టు రెండూ చేసే పట్టకారు కటింగ్ ప్లేరు. ట్యూబులైటు పట్టీ, చోకు, స్టార్టరు అన్నవి ఒక తరం పిల్లలకు కూడా వచ్చిన మాటలు. ఎల్‌ఈడీ వచ్చాక చోకు, స్టార్టరు కొట్ల వెనక అరల్లోకి వెళ్లాయి. ఫ్యూజు అన్న మాట పల్లెల్లో ఫీజుగా మారింది. ఇప్పుడు ఇళ్లలో ఫ్యూజుల బదులు ఎంసీబీలున్నా, అది ట్రిప్ అయినప్పుడు చాలామంది “ఫీజు పోయింది” అనే అంటారు.

ఎర్త్ వస్తోందంటే?

ఇక ఈ కథనం రాయడానికి నన్ను కూర్చోబెట్టిన మాట దగ్గరికి వస్తాను.

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే వేళ్లు జివ్వుమనేవి. అమ్మ “దానికి ఎర్త్ వస్తోంది, చెప్పులేసుకుని తియ్యండి” అనేది. మేమూ అలాగే తీసేవాళ్లం. పక్కింట్లో గీజరుకి ఎర్త్, ఎదురింట్లో వాషింగ్ మెషీన్‌కి ఎర్త్. రెండు రాష్ట్రాల్లోనూ ఈ మాట విననివాళ్లు అరుదు. చాలా ఏళ్ల తర్వాత ఒక ఎలక్ట్రీషియన్ ఆ ఫ్రిజ్ ప్లగ్గు ఊడదీసి చూపించాడు. పైనున్న లావు పిన్నుకి వైరే లేదు. ఎర్త్ వస్తోందని మేము అనుకున్న ఫ్రిజ్‌కి అసలు ఎర్తే లేదు.

ఎర్త్ అంటే కాపాడే వైరు. ఫేజు ఎక్కడైనా లీకై ఇనుప బాడీని తాకితే ఆ కరెంటుని నేలలోకి లాక్కుపోవడం దాని పని. అది సరిగా ఉంటే కరెంటు ఒక్కసారిగా నేలలోకి పారి, ఎంసీబీనో, లీకైన కరెంటుని పసిగట్టే ఆర్‌సీసీబీనో ట్రిప్ అవుతుంది. అది లేనప్పుడే లీకైన కరెంటు బాడీ మీద కాచుకుని కూర్చుంటుంది. మనం తాకితే మన ఒంట్లోంచి నేలకు దిగుతుంది. ఆ జివ్వుమనడానికి మనం ఎర్త్ అని పేరు పెట్టుకున్నాం. దొంగని పట్టుకునే కాపలాదారు పేరే దొంగకు పెట్టేశాం.

ఈ పేరు వల్ల జరిగే నష్టం ఊహ కాదు. ఎర్త్ వస్తోందని ఇంటివాళ్లు చెబితే, ఆ ఎర్త్ వైరునే కత్తిరించేసి పోయే పనివాళ్లున్నారు. జివ్వుమనడం కాసేపు ఆగినట్టే ఉంటుంది, ప్రమాదం మాత్రం రెట్టింపవుతుంది. ఇంకొందరు సాకెట్టులోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే ఇంట్లో ఆ సాకెట్టుకి తగిలించిన ఇనుప వస్తువు బాడీకంతా ఫేజు వస్తుంది. పల్లెల్లో “ఎర్త్ కొట్టి లైటేసుకోవడం” అన్న మాట ఉంది. న్యూట్రల్ అందనప్పుడు నేలలో కడ్డీ దిగ్గొట్టి, దాన్నే న్యూట్రల్‌గా వాడుకోవడం. అలా లైటు వెలుగుతున్నంత సేపూ ఆ కడ్డీ దగ్గర నిలబడ్డవాళ్లకు ముప్పే.

నిజమైన ఎర్త్‌ని పెద్దలు జాగ్రత్తగా చూసుకునేవాళ్లు. పెరట్లో గొయ్యి తవ్వి, ఇనుప పైపు దించి, చుట్టూ బొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస నింపేవాళ్లు. నేల తడిగా ఉంటేనే కరెంటు దిగుతుందని ఎండాకాలంలో ఆ గొయ్యికి చెంబెడు నీళ్లు పోసేవాళ్లు. తులసి కోటకి పోసినంత క్రమంగా ఎర్త్ గుంతకి నీళ్లు పోసిన ఇళ్లు నాకు తెలుసు. అపార్ట్‌మెంట్లలో ఆ గుంత ఎక్కడుందో చాలామందికి తెలియదు.

స్తంభం మీద మరో భాష

ఇళ్లలో మాటలు ఇన్ని తీరులుగా ఉంటే, కరెంటాఫీసు భాష శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకటే. 1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు పెట్టిన భిక్ష అది. బోర్డు 1999లో విడిపోయింది, 2014లో రాష్ట్రమే విడిపోయింది. లైన్‌మెన్ల మాటలు మాత్రం విడిపోలేదు. ఏబీ స్విచ్, హెచ్‌జీ ఫ్యూజు, జంపరు, ఫీడరు, డీటీఆర్, ఎల్‌టీ, హెచ్‌టీ అన్నవి రెండు రాష్ట్రాల్లోనూ ఒకే అర్థంతో నడుస్తున్నాయి. పత్రికలు ట్రాన్స్‌ఫార్మర్‌ని నియంత్రిక అని, సబ్‌స్టేషన్‌ని ఉపకేంద్రం అని రాస్తాయి. పాఠ్యపుస్తకంలో ట్రాన్స్‌ఫార్మర్ పరివర్తకం అవుతుంది. స్తంభం కింద నిలబడ్డ రైతుకు అది ట్రాన్స్‌ఫారమే.

ఆ భాషలో అన్నిటికన్నా విలువైన మాట ఎల్‌సీ. లైన్ క్లియర్‌కి పొట్టి పేరు. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కి చెప్పి ఎల్‌సీ తీసుకుంటాడు. ఆపరేటర్ ఆ ఫీడరు ఆపి, పుస్తకంలో రాసుకుంటాడు. లైన్‌మన్ ఏబీ స్విచ్ తెరిచి, కడ్డీలతో లైనుని నేలకు కలిపి, అప్పుడు ఎక్కుతాడు. పని అయ్యాక అతను ఎల్‌సీ తిరిగి ఇచ్చేదాకా ఎవరూ కరెంటు వదలకూడదు. లైన్‌మన్ ఇల్లు చేరడం ఆ రెండక్షరాల మీద ఆధారపడి ఉంటుంది.

ఇదే మాటను విజయవాడలోనో కాజీపేటలోనో స్టేషన్ మాస్టర్ నోట వినండి. అక్కడ లైన్ క్లియర్ అంటే రైలు రావచ్చని. కరెంటు వాళ్లకు ఆ మాట “ఇక ఏదీ రాకూడదు” అని చెబుతుంది, రైలు వాళ్లకు “ఇక రావచ్చు” అని చెబుతుంది. ఒకే ఊళ్లో, పక్కపక్క ఉద్యోగాల్లో, ఒక్క మాటకు ఎదురెదురు అర్థాలు. రైల్వేలో 25 కేవీ పైలైను మీద పనిచేసేవాళ్లు మాత్రం పవర్ బ్లాక్, పర్మిట్ టు వర్క్ అని వేరే మాటలు వాడతారు.

రైతుల మాట మరొకటి ఉంది. “త్రీ ఫేజు వచ్చింది” అంటే పొలానికి కరెంటు వచ్చిందని. మోటారు నడవాలంటే మూడు ఫేజులూ ఉండాలి. మిగతా టైములో ఊళ్లో లైట్ల కోసం సింగిల్ ఫేజు ఇచ్చే రోజులు చాలా కాలం నడిచాయి. అప్పుడే చిక్కొచ్చింది. త్రీ ఫేజు లేదంటే కరెంటే లేదనుకుని ఫీజు వేయడానికి ట్రాన్స్‌ఫారం దగ్గరికి వెళ్లి చనిపోయిన రైతుల వార్తలు మనం ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. మోటారు తిరగనంత మాత్రాన లైనులో కరెంటు లేదని కాదు. ఒక్క ఫేజు చాలు ప్రాణం తీయడానికి.

వానాకాలంలో వచ్చే మరో వార్త దండెం మీద బట్టలారేస్తూ పోయిన తల్లులది. సర్వీసు వైరు ఒరుసుకుని ఇనుప తీగ దండెంలోకి కరెంటు దిగుతుంది. దండెం అన్న మాటలో ప్రమాదం ఏమీ వినిపించదు. ఇనుప తీగ తీసేసి నైలాన్ తాడు కట్టుకుంటే ఆ చావు ఆగుతుంది.

దేశం మారితే రంగూ మారుతుంది

జగిత్యాల, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కి, కడప నుంచి కువైట్‌కి వెళ్లిన ఎలక్ట్రీషియన్లు తిరిగొచ్చేటప్పుడు కొత్త మాటలు తెస్తారు. అరబీలో కరెంటుని కహ్రబా అంటారు. పారసీలో ఆ మాటకు అర్థం గడ్డిపరకను లాక్కునేది అని, అంటే అంబరు. రుద్దితే గడ్డిపరకను లాగే ఆ అంబరు గ్రీకు పేరు నుంచే ఎలక్ట్రిసిటీ పుట్టింది. మనం మాత్రం మెరుపునే కరెంటుకి పేరుగా పెట్టుకున్నాం. విద్యుత్తు అన్నా, హిందీ బిజిలీ అన్నా, చిత్తూరు వాళ్ల చెవిన పడే తమిళ మిన్సారం అన్నా మూలం మెరుపే.

పేర్లు మారితే పర్వాలేదు. రంగులు మారితే చెయ్యి కాలుతుంది. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. నలుపు న్యూట్రల్. ఆకుపచ్చ ఎర్త్. అమెరికా ఇళ్లలో నల్ల వైరే ఫేజు, న్యూట్రల్ తెల్లది. బ్రిటన్‌లో కూడా ఒకప్పుడు నలుపు న్యూట్రలే. 2004లో తెచ్చి 2006 నుంచి తప్పనిసరి చేసిన కొత్త రంగుల్లో అక్కడ నలుపు ఒక ఫేజు అయింది, నీలం న్యూట్రల్ అయింది. మన గడపలోనే చూడండి. గోడలోని త్రీ ఫేజు వైరింగ్‌లో నీలం ఫేజు. అదే గోడకు తగిలించే మిక్సీ తీగలో గోధుమ రంగుది ఫేజు, నీలం రంగుది న్యూట్రల్. రంగు చూసి నమ్మితే మన ఇంట్లోనే మోసపోవచ్చు.

అమెరికాలో కూతురింటికి వెళ్లిన తెలుగమ్మకి మొదటి రోజే స్విచ్చి దగ్గర తికమక. మనకు కిందికి నొక్కితే వెలుగుతుంది, అక్కడ పైకి ఎత్తితే వెలుగుతుంది. అక్కడ ఎర్త్ అనరు, గ్రౌండ్ అంటారు. సాకెట్టు అక్కడ ఔట్‌లెట్. 230 వోల్టుల మన మిక్సీ అక్కడి 120 వోల్టులకి తిరగలేక మూలుగుతుంది.

కట్టెయ్యి అన్నా, బంద్ చెయ్యి అన్నా లైటు ఆరిపోతుంది. ఆ మాటలు అలాగే ఉండాలి, పిల్లలకు అందాలి. ఫీజుని ఫ్యూజు అని దిద్దాల్సిన పని లేదు. కానీ ప్రాణంతో ముడిపడిన నాలుగైదు మాటలకు మాత్రం అందరికీ ఒకే అర్థం ఉండాలి. ఇంట్లో ఏ వస్తువైనా జివ్వుమంటే “ఎర్త్ వస్తోంది” అనకండి, “బాడీకి కరెంటు వస్తోంది, ఎర్త్ ఉందో లేదో చూడు” అని పనివాడికి చెప్పండి. వైరు కొనేటప్పుడు పాత గేజీతో పాటు చదరపు మిల్లీమీటర్లు కూడా అడగండి. మీ మెయిన్ డబ్బాలో టీ అని రాసిన బటన్ ఉంటే నెలకోసారి నొక్కండి, ఆర్‌సీసీబీ ట్రిప్ అవ్వాలి. అవ్వకపోతే అది మిమ్మల్ని కాపాడదు. స్తంభం మీదైనా ట్రాన్స్‌ఫారం దగ్గరైనా మీరు చెయ్యి పెట్టకుండా 1912కి ఫోన్ చేయండి.

పేరు ఏదైనా పెట్టుకోండి. చెయ్యి పెట్టే ముందు మాత్రం మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూడండి.